మెర్సీ రన్‌లో ఫెయిలైన రెండు చిప్పులు

ఈ వ్యాసం రాయమని నన్ను అడిగింది మెర్సీ. కంకిపాడు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె ఇప్పుడు ఎలక్ట్రానిక్స్ విభాగానికి అధిపతి. ఆఖరి సంవత్సరం పిల్లల కోసం ఏటా ఒక చిన్న పుస్తకం వేస్తారట. రిటైరైనవాళ్ళ చేత తమ ఉద్యోగం నిజంగా ఎలా ఉండేదో అందులో రాయిస్తారట. ఆమె పంపిన మెయిల్లో ఒక్క షరతు ఉంది: "ప్రమోషన్లు వద్దు సార్. పని రాయండి."

చాలా ఏళ్ళ క్రితం మెర్సీ నా కింద పనిచేసింది. నేను మోయవలసిన నింద ఒకటి ఆమె మోసింది. అది ఆమె పేరు మీద ఇప్పటికీ అలాగే ఉంది. ఈ పుస్తకం చదివే పిల్లల్లో కొందరు నేను చేసిన పనిలోకే వెళ్తారు. వాళ్ళ ముందు ఆ సంగతి సరిచేయడానికే రాయడానికి ఒప్పుకున్నాను. మిగతాదంతా అది అర్థం కావడానికి కావలసినంత మేరకే రాశాను.

మేం లెక్కగట్టేది

చిప్పులో ప్రతి సంకేతం గేట్లు అనే చిన్న చిన్న స్విచ్చుల్లో ఒకదాని నుంచి ఇంకోదానికి పోతూ, గడియారం తర్వాతి టిక్కు పడేలోపు చేరాల్సిన చోటికి చేరాలి. ఆలస్యమైతే చిప్పు తప్పు జవాబు ఇస్తుంది. ఒకే డిజైన్ మీద తయారైన చిప్పులన్నీ ఒకేలా రావు. ఒకే నారుమడి నుంచి తీసి నాటిన వరి కూడా ఒకే చేలో ఒకచోట దుబ్బు కట్టి, ఒకచోట పలచగా ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే గేట్లూ అంతే, కొన్ని చురుగ్గా ఉంటాయి, కొన్ని మందంగా ఉంటాయి. తయారైన వాటిలో ఎన్నో వంతు చిప్పులు టైముకు పనిచేస్తాయి అన్నదాన్ని టైమింగ్ యీల్డ్ అంటాం. తయారీకి పంపకముందే ఆ సంఖ్య చెప్పడం నా ఉద్యోగం.

చెప్పే పద్ధతి మామూలుదే. కంప్యూటర్లో ఒక ఊహా చిప్పును తీసుకుంటాం. దానిలోని ప్రతి గేటుకూ ఎంత చురుకో, నడిచేటప్పుడు ఎంత వేడి, ఎంత వోల్టేజీ ఉంటుందో చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా తీస్తాం. టైముకు చేరిందో లేదో చూస్తాం. మళ్ళీ ఇంకో చిప్పు. ఇలా వేలకు వేలు. ఫెయిలైనవి ఎన్నో లెక్కపెడతాం. చదువుకునేటప్పుడు ఇది చాలా తేలిక అనిపిస్తుంది. ఫెయిలయ్యేవి బాగా అరుదైనప్పుడే కష్టం. వేల చిప్పులు చూసినా ఒక్కటీ దొరక్కపోవచ్చు. అంటే ఏమీ తెలియలేదనే అర్థం.

ఈ పద్ధతి నియమం నాకు కాలేజీలో కంటే ముందు మా పెదనాన్న చేలో తెలిసింది. నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరం సెలవుల్లో ఉన్నాను. పంట కోత ప్రయోగానికి గణాంక శాఖ ఉద్యోగి ఒకాయన వచ్చాడు. ఊరంతటి దిగుబడి అంచనా కోసం కొన్ని చేలల్లో చిన్న చిన్న చతురస్రాలు కొలిచి, అక్కడి పంట కోసి తూస్తారు. చతురస్రం ఎక్కడ వేయాలో ఆయన దగ్గరున్న నంబర్ల కాగితం చెబుతుంది. మా చేలో అది సరిగ్గా నీళ్ళు నిలిచే పల్లంలో పడింది.

పెదనాన్న మర్యాద కొద్దీ అన్నాడు, "అక్కడ కాలు దిగబడుద్దండీ. ఈ గట్టు పక్కన కొలుచుకోండి, పంట అంతా ఒకటే గదా."

ఆ ఉద్యోగి ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుంటూ, "ఒకటేనో కాదో చూద్దామనే గదండీ వచ్చింది. నంబరు ఎక్కడికి పొమ్మంటే అక్కడికే పోవాల," అన్నాడు. బురదలోకి దిగి మేకులు పాతాడు. అక్కడి ధాన్యం నిజంగానే తక్కువ తూగింది. పెదనాన్న ముఖం మాడ్చుకున్నాడు. నేను నవ్వుకున్నాను. నాకేమో ఎంతో అర్థమైపోయిందనుకున్నాను.

పూర్ణచంద్రరావు గారి రెండు ప్రశ్నలు

నా పని జీవితంలో ఎక్కువ భాగం విజయవాడలోనే గడిచింది. గన్నవరం రోడ్డులో ఒక భవనం రెండో అంతస్తులో ముప్పై మందిమి కూర్చునేవాళ్ళం. విదేశీ కంపెనీలకు చిప్పు డిజైన్లో కొంత కొంత పని చేసిపెట్టే చిన్న సంస్థ అది. దాన్ని నడిపింది పూర్ణచంద్రరావు గారు. చల్లపల్లి ఆయన. ఊళ్ళో చేపల చెరువులు తవ్విస్తాడనుకున్న బంధువులంతా చిప్పులేమిటని తలలు పట్టుకున్నారని ఆయనే చెప్పేవారు.

ఆయన కోపిష్టి కారు. ఏ సంఖ్య తీసుకెళ్ళినా రెండు ప్రశ్నలు వేసేవారు: "ఎన్ని చూశారు? ఎక్కడ చూశారు?" చేరిన కొత్తల్లో ఒకసారి రెండొందల ఊహా చిప్పులు నడిపి, ఒక్కటీ ఫెయిలవలేదని యీల్డ్ నూరు శాతం అని రాసుకెళ్ళాను. ఆయన కాగితం కేసి కాసేపు చూశారు.

"ఏమయ్యా ప్రసాదూ, బెజవాడలో రెండొందల ఇళ్ళు తిరిగి ఎవరికీ జ్వరం లేదంటే, ఊళ్ళో జ్వరాలే లేవంటావా?"

గది మొత్తం నవ్వింది. నాకు సిగ్గేసింది, కానీ ఆ పాఠం నిలిచింది. అప్పటి నుంచి సంఖ్య పక్కన ఎన్ని చూశానో రాయకుండా ఎప్పుడూ ఇవ్వలేదు. రెండో ప్రశ్నను మాత్రం అంత గట్టిగా పట్టుకోలేదు. నా తప్పు అక్కడి నుంచే వచ్చింది.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. పూర్తయిన డిజైన్ను ఫ్యాక్టరీకి పంపడాన్ని టేపౌట్ అంటాం. అది ముహూర్తం చూసి పంపాల్సిందే. సర్వర్ గదిలో పసుపు కుంకుమలు, కొబ్బరికాయ, అరటిపళ్ళు. ఏసీలోకి కర్పూరం పొగ పోకూడదని గుడ్డ అడ్డం కట్టేవాళ్ళం. చివరికి ఒకరు మీట నొక్కితే ఫైలు వెళ్ళేది. పూజ దగ్గర మెర్సీ కూడా మాతో నిలబడేది. కళ్ళు మూసుకుని తన ప్రార్థన తను చేసుకునేది. "రెండు వైపుల నుంచీ సిఫారసు వెళ్తే మంచిదే గదమ్మా," అని పూర్ణచంద్రరావు గారు నవ్వేవారు. ఫైలు వెళ్ళాక ప్రసాదం అందరం తినేవాళ్ళం.

నా పేరు పెట్టుకున్న పద్ధతి

మాకు కరెంటు పెద్ద బాధ. వేలకు వేల చిప్పులు నడపాలంటే సర్వర్లు రోజుల తరబడి ఆగకుండా నడవాలి. వేసవిలో కరెంటు పోయేది, జనరేటర్ అందుకునేలోపు రన్, అంటే నడుస్తున్న లెక్క, తెగేది, మళ్ళీ మొదటికొచ్చేది. అందుకని నేను ఒక దగ్గరి దారి తయారు చేశాను. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, ప్రపంచంలో అందరికీ తెలిసిన పద్ధతే. మా ఆఫీసుకు సరిపడేలా అమర్చింది నేను.

వరదకు ముందు కాలవ గట్టు మీద ఎక్కడ గండి పడుతుందో చూడాలనుకోండి. మైళ్ళ కొద్దీ గట్టంతా ఒకే తీరుగా నడవడం కంటే, బలహీనంగా ఉందని తెలిసిన చోట ఎక్కువ నడిస్తే త్వరగా తేలుతుంది. ఆ చోటుకే ఎక్కువసార్లు వెళ్ళాం కాబట్టి, చివర్లో లెక్క కట్టేటప్పుడు అక్కడ కనిపించిన ఒక్కొక్క గండికి విలువ ఆ మేరకు తగ్గిస్తాం. ఊహా చిప్పులనూ అలాగే ఫెయిలయ్యే వైపుకు నెట్టి తీస్తాం. వేలల్లో చూడాల్సింది వందల్లో చూస్తే చాలు. ఆఫీసులో దీన్ని "ప్రసాద్ మెథడ్" అనేవాళ్ళు. మొదట్లో వద్దనేవాణ్ణి. తర్వాత వద్దనడం మానేశాను.

ఇందులో ప్రమాదం ఒక్కటే. గట్టు ఇంకోచోట కూడా బలహీనంగా ఉండి, అది మీకు తెలియకపోతే, మీరు అటు అసలు వెళ్ళరు. లెక్క తడబడినట్టు కూడా ఉండదు. సంఖ్య చక్కగా, నిబ్బరంగా వస్తుంది. తప్పు సంఖ్య నిబ్బరంగా రావడం మా పనిలో అన్నిటికంటే చెడ్డ సంగతి.

నేను చిప్పుల్ని నెట్టింది వేడి వైపుకు. వేడెక్కితే గేట్లు నెమ్మదిస్తాయని నేను చదువుకున్నాను. పైగా రోహిణి కార్తెలో స్కూటర్ సీటు మీద కూర్చోలేని ఊళ్ళో పెరిగినవాణ్ణి. మా సర్వర్లు చచ్చిందీ వేడికే. వేడి శత్రువని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే తక్కువ వోల్టేజీతో నడిచే కొత్త రకం చిన్న ట్రాన్సిస్టర్లతో కట్టిన గేట్లలో ఆ కథ తిరగబడుతుంది, అవి చలిలోనే నెమ్మదిస్తాయి. ఈ సంగతి అప్పటికే కొందరికి తెలుసు. నేనూ ఎక్కడో చదివాను. చదివింది మన ఊళ్ళో మన పనికి వర్తిస్తుందని అనుకోలేదు.

మెర్సీ రన్

ఒక ఏడాది మా చేతికి టీవీ పెట్టెలోకి వెళ్ళే చిప్పు ఒకటి వచ్చింది. కస్టమర్ చలి దేశం వాడు. ఈ ముక్క ఒప్పందం మొదటి పేజీలోనే ఉంది.

మెర్సీ చేరి రెండేళ్ళయింది. వాళ్ళమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఆ ఇంటి పద్ధతి కాబోలు, ఏ పని చేసినా టైముతో సహా నోటు పుస్తకంలో రాసుకునేది. నా పద్ధతి లెక్కను సరిచూసుకోవడానికని, ఎటూ నెట్టకుండా మామూలు రన్ ఒకటి ఆమె మొదలెట్టింది. నేను అడగలేదు. ముహూర్తానికి రెండు రోజుల ముందు నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, రెండు ఫెయిలయ్యాయండి. మనం చూసే దారిలో కాదు, మెమరీ వైపు."

"ఎంత వేడిలో?"

"వేడి కాదు సార్. చలిలో."

నేను కుర్చీ వెనక్కి వాల్చి, పక్కవాళ్ళకు వినపడేలా అన్నాను, "బెజవాడలో కూర్చుని చలికి వణుకుతున్నావేంటమ్మా? స్వెట్టర్ కొనిపెట్టమంటావా గేట్లకి?"

నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఒకసారి చూడండి సార్," అంది.

గేట్ల కొలతలుండే లైబ్రరీ ఫైలు తప్పు ఎక్కించి ఉంటావు, సెటప్ చూసుకో అన్నాను. సాయంత్రం మళ్ళీ వచ్చింది. నోటు పుస్తకం తెరిచి ఫైలు పేరు, ఎక్కించిన టైము చూపించింది. సరిగ్గానే ఉంది. అప్పుడు నాకూ చిన్న అనుమానం వచ్చింది. ఆ రెండు చిప్పుల వివరాలు పదిహేను నిమిషాలు చూస్తే తేలేది. చూస్తే ముహూర్తం ఆపాలేమో, పూర్ణచంద్రరావు గారికి నా పద్ధతి గురించి ఏదో చెప్పాలేమో. "వేలల్లో రెండు వస్తూనే ఉంటాయి, వదిలెయ్," అన్నాను. నంబరు పొమ్మన్న చోటుకు నేను వెళ్ళలేదు. గట్టు పక్కనే ఆగిపోయాను.

ముహూర్తానికి ఫైలు వెళ్ళింది. మీట నొక్కింది నేనే.

అబద్ధం లేని మూడు జవాబులు

చిప్పులు తయారై వచ్చాయి. మా గదిలో బాగా పనిచేశాయి. కస్టమర్ దగ్గర పొద్దున్నే చల్లటి గదిలో ఆన్ చేసినప్పుడు వాటిలో కొన్ని బిగుసుకుపోయాయి. గది వెచ్చబడితే పనిచేసేవి. డిజైన్లో కొంత భాగం మళ్ళీ చేయాల్సి వచ్చింది, నెలలు పోయాయి. ఆ కస్టమర్ మాకు తర్వాత పని ఇవ్వలేదు.

సమీక్ష సమావేశంలో అందరం కూర్చున్నాం. మెర్సీ బల్ల చివర కూర్చుంది. పూర్ణచంద్రరావు గారు నన్నే అడిగారు.

"ముందు మనకేమన్నా కనపడిందా?"

"మామూలు రన్‌లో రెండు కనపడ్డాయి సార్."

"మరి?"

"సెటప్ తేడా అనుకున్నాం."

"సెటప్ ఎవరు చేశారు?"

"మెర్సీ."

నేను చెప్పిన మూడు జవాబుల్లో దేన్నీ అబద్ధం అనలేరు. మధ్య జవాబులో "అనుకున్నాం" అన్నాను. అనుకుంది నేను ఒక్కణ్ణే. సెటప్ సరిగ్గానే ఉందని ఆమె నాకు పుస్తకం తెరిచి చూపించిందని చెప్పలేదు. ఎవరూ ఆమెను నిలదీయలేదు. తలలు మాత్రం బల్ల చివరికి తిరిగాయి. ఆమె నా వైపు చూసింది. నేను నీళ్ళ సీసా మూత తీస్తున్నాను.

నివేదికలో "సెటప్ లోపం వల్ల ముందస్తు సూచనను గుర్తించలేకపోయాం" అని రాశారు. సంతకం నాది. ఆ ఏడు ఆమెను టైమింగ్ నుంచి తీసి కాగితాల పనిలో పెట్టారు. కొన్ని నెలలకు రాజీనామా చేసింది. వేరే సంస్థలో ఇంటర్వ్యూకు వెళ్తే ఈ సంగతే అడిగారని, ఉద్యోగం ఇవ్వలేదని ఎవరో చెప్పారు. మా రంగం చిన్నది, మాట త్వరగా పోతుంది.

ఎందుకు మాట్లాడలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఉద్యోగం పోతుందన్న భయం లేదు. పూర్ణచంద్రరావు గారు అలాంటివారు కారు. ప్రసాద్ మెథడ్ అన్న మాట ఆఫీసులో వినపడకుండా పోతుందని భయపడ్డాను. అంతకంటే పెద్ద కారణం దొరికితే రాసేవాణ్ణి.

చల్లపల్లిలో

పూర్ణచంద్రరావు గారు ఆఫీసు మూసి చల్లపల్లి వెళ్ళిపోయాక, ఒక ఆదివారం వెళ్ళి ఆయనకు ఇదంతా చెప్పాను. ఆయన వరండాలో పడక్కుర్చీలో కూర్చుని మొత్తం విన్నారు. నేను ముహూర్తం గురించి చెబుతుంటే ఆపారు.

"ముహూర్తాలకేం కరువయ్యా? పంతులికి ఫోన్ చేస్తే వారంలో ఇంకోటి చూసేవాడు. నేను ముహూర్తం పెట్టింది కొబ్బరికాయ కొట్టడానికిగానీ, నీ నోరు కట్టెయ్యడానికా?"

కాఫీ వచ్చింది. తాగాక అడిగారు, "నాకు చెప్తే ఏం లాభం? ఆ పిల్లకి చెప్పావా?"

లేదన్నాను.

"మరి ఇంత దూరం ఎందుకొచ్చావ్? కంకిపాడు దారిలోనే గదా."

ఆమె అప్పటికే ఆ కాలేజీలో పాఠాలు చెబుతోందని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. తిరిగి వస్తూ బస్సు కంకిపాడులో ఆగింది. నేను దిగలేదు. ఆయన పోయి ఇప్పటికి కొన్నేళ్ళయింది.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు

దగ్గరి దారులు వద్దని నేను చెప్పను. అవి లేకుండా ఇప్పటి చిప్పుల లెక్క తేలదు. ఎటు నెట్టి తీశారో, ఎటు చూడలేదో సంఖ్య పక్కనే రాయండి. దగ్గరి దారితో పాటు మామూలు రన్ ఒకటి, చిన్నదైనా సరే, నడవనివ్వండి. అందులో మీ లెక్కకు సరిపడని చిప్పు ఒక్కటి కనపడినా, దాన్ని చూశాకే ఇంటికి వెళ్ళండి. దాన్ని తెచ్చినవాళ్ళు మీకంటే చిన్నవాళ్ళయితే ముందు వాళ్ళను కూర్చోమనండి. నేను మెర్సీని నిలబెట్టే మాట్లాడాను.

ఇంతవరకూ రాసి మెర్సీకి పంపాను. అచ్చు వేయడం, వేయకపోవడం మీ ఇష్టమని రాశాను.

రెండు రోజుల తర్వాత ఫోన్ చేసింది. నేను "మీరు" అని మాట్లాడాను. ఆమె వద్దనలేదు.

"చదివాను సార్," అంది. వెనక ఎక్కడో క్లాసు గంట మోగింది. అది ఆగేదాకా ఆగింది. "ఒకచోట తప్పుంది సార్. రెండు కాదు, మూడు."

"మూడా?"

"మూడోది పూజ రోజు పొద్దున వచ్చింది. అదీ మెమరీ వైపే, అదీ చలిలోనే. మీకు మెయిల్ పెట్టాను. మీరు తెరవలేదనుకుంటా."

తెరవలేదు. ఆ పొద్దున నేను అరటిపళ్ళు తేవడానికి వెళ్ళాను. ఇన్నేళ్ళూ నన్ను నేను తిట్టుకున్నది కూడా రెండింటి లెక్క మీదే. సరిదిద్ది పంపిస్తానన్నాను.

"వద్దండి. మీరు రెండని రాసింది అలాగే ఉండనివ్వండి. ఫోన్లో మూడని చెప్పానని కింద రాయండి. పిల్లలు రెండు లెక్కలూ చూడాలి."

సరేనన్నాను. సెటప్ సంగతి కూడా ఆమె మాటల్లోనే ఒక వాక్యం రాస్తే బాగుంటుందని అడిగాను.

"అది నేను అప్పుడే చెప్పాను సార్," అంది మెర్సీ. "ఇప్పుడు మీరు రాయాలి."

రాస్తున్నాను. ఆ రన్‌లో ఫెయిలైన చిప్పులు మూడు. ఆ సెటప్‌లో ఏ తప్పూ లేదు. సెటప్ చేసింది మెర్సీ.